డాబా మీద బ్యారెల్ కాక్టస్: మన వానల్లో దాన్ని కాపాడుకునే తీరు

శ్రీకాకుళంలో కాక్టస్ పెంచుతున్నానని చెబితే ఎక్కువమంది ఒకే మాట అంటారు: "దానికేం, నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది." నిజమే, బతుకుతుంది. కానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం పోయకపోయినా వాన పోస్తుంది. ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన. మృగశిరతో మొదలైతే కార్తీకం దాకా ఒకదాని వెనక ఒకటి అల్పపీడనాలు. వాన లేని రోజున సముద్రం మీంచి వచ్చే తేమగాలి. ఇప్పటిదాకా నా చేతిలో మూడు బ్యారెల్ కాక్టస్‌లు పోయాయి. ఒక్కటీ ఎండకు మాడలేదు, మూడూ కుళ్ళిపోయాయి. అందుకని ఇందులో ఎక్కువ భాగం తడి గురించే రాస్తున్నాను. మిగతావి సులువుగానే వస్తాయి.

బ్యారెల్ కాక్టస్ అంటే గుండ్రంగా, నిలువు గట్లతో పీపాలా ఉండే రకం. మన నర్సరీల్లో ఎక్కువగా దొరికేది పసుపు ముళ్ళ గోల్డెన్ బ్యారెల్, నేను చెప్పేదంతా దాని గురించే. చీటీ మీద ఒకచోట ఎకైనోకాక్టస్ గ్రుసోనీ అని, ఇంకోచోట క్రోన్లీనియా అని ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకే మొక్క. 2014లో పేరు మార్చారు. దీని పుట్టిల్లు మధ్య మెక్సికో. అక్కడ నిటారుగా ఉండే రాతి వాలుల మీద, నీటిచుక్క నిలవని చోట పెరుగుతుంది. 1990లలో సిమపాన్ దగ్గర ఆనకట్ట కట్టినప్పుడు అది పెరిగే నేల కొంత నీట మునిగింది. ప్రపంచంలో ఎన్నో తోటల్లో కనిపించే ఈ మొక్క తన సొంత కొండల మీద ఇప్పుడు అంతరించిపోయే జాతుల జాబితాలో ఉంది. ఆ రాతి వాలును మనసులో పెట్టుకుంటే కింద చెప్పేవాటిలో చాలావాటికి కారణం మీకే తెలుస్తుంది.

మన చేల గట్ల మీద ఉండే బొంతజెముడుతో దీన్ని కలపకండి. బొంతజెముడును గిల్లితే తెల్లటి పాలు కారతాయి, దీనికి పాలు ఉండవు. నాగజెముడు మాత్రం దీనికి చుట్టమే. అది కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే.

కొనేటప్పుడు

నిమ్మకాయంత మొక్కకన్నా బత్తాయంతది కొనండి. ధర కొంచెం ఎక్కువైనా మొదటి వానాకాలాన్ని తట్టుకునే శక్తి దానికి ఉంటుంది. మొక్కను చేతిలోకి తీసుకుని ముందు మొదలు చూడండి. మట్టిని కాస్త పక్కకు నెట్టి, మొక్క మట్టిలోకి దిగే చోట ముళ్ళ మధ్య బొటనవేలితో నొక్కండి. పచ్చి కొబ్బరికాయ డొక్కలా గట్టిగా తగలాలి. పండిన జామపండులా లోపలికి దిగితే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. తర్వాత నడినెత్తి చూడండి. అక్కడ లేత పసుపు రంగు కొత్త ముళ్ళు, దూది లాంటి నూగు ఉంటే మొక్క ఎదుగుతోందన్నమాట. నెత్తి పాలిపోయి, సన్నగా పైకి సాగి ఉంటే చాలాకాలం నీడలో పడి ఉందని అర్థం. చివరగా గట్ల మధ్య చాళ్ళలోకి తొంగి చూడండి. ముళ్ళ మొదళ్ళలో ఉండే నూగు కాకుండా, చాళ్ళలో తెల్లటి బూజులాంటి ముద్దలు కనిపిస్తే అది పిండినల్లి అనే పురుగు.

ఎర్రగా, పసుపుగా బంతిలా మెరుస్తూ పచ్చటి కాడ మీద కూర్చున్న రంగు కాక్టస్‌లు బ్యారెల్ కాదు, అవి అంటుకట్టినవి. వాటి పెంపకం వేరు.

ముళ్ళ మొక్క ఇంట్లో ఉండకూడదని పెద్దవాళ్ళు అంటారు. మా అమ్మా అంది. ఆమెతో వాదించలేదు, డాబా మీద పెట్టాను. మొక్కకు కూడా ఇంటి లోపలికన్నా డాబాయే మంచిది.

మట్టి కలపడం

నర్సరీ మొక్క సాధారణంగా కోకోపీట్‌లోనో (కొబ్బరి పీచు పొడి) బంకమట్టిలోనో వస్తుంది. నర్సరీవాళ్ళకు అది పనికొస్తుంది, ఎందుకంటే వాళ్ళ దగ్గర మొక్క కొద్ది నెలలే ఉంటుంది. మన ఇంట్లో ఆ కోకోపీట్ శ్రావణంలో తడిస్తే భాద్రపదం దాకా ఆరదు. కొన్న రెండు వారాల్లోపు మట్టి మార్చండి. వానాకాలంలో కొంటే ఆగకుండా వెంటనే మార్చండి.

ఒక పాత పెయింటు డబ్బాను కొలతగా పెట్టుకోండి. సన్న రాతి చిప్స్ లేదా ఇటుక ముక్కలు మూడు డబ్బాలు, ముతక ఇసుక రెండు, ఎర్ర గరువు మట్టి ఒకటి, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు ఒకటి. చిప్స్ కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, ఇల్లు కడుతున్నచోట అడిగితే ఓ సంచి ఇస్తారు. టెక్కలి వైపు వాళ్ళకైతే క్వారీలే దగ్గర. ఇటుక అయితే బాగా కాలినది తీసుకుని, కందిగింజ నుంచి శనగగింజంత వరకు కొట్టి, పొడిని జల్లించి పారేయండి. పొడి ఉంచితే అదే తడిసి ముద్దై చిల్లును మూసేస్తుంది.

ఇసుక నదిదే కావాలి. నాగావళి, వంశధార, చంపావతి, ఏదైనా సరే. సముద్రపు ఇసుక వద్దు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉన్నవాళ్ళకు అది చేతికందే దూరంలో ఉంటుంది కానీ దాంట్లోని ఉప్పు వేళ్ళను చంపేస్తుంది. నది ఇసుకనైనా బకెట్లో వేసి కడగండి. మొదటి నీళ్ళు టీలా వస్తాయి, నాలుగోసారికి తేటపడతాయి. అప్పుడు ఎండలో పరిచి ఆరబెట్టండి. ఈ పని చేసేటప్పుడు విసుగొస్తుంది, నాకూ వచ్చేది. కడగని ఇసుకలోని ఒండ్రు కుండీ అడుగున రొచ్చులా పేరుకోవడం ఒకసారి చూశాక మానలేదు.

రైస్ మిల్లు దగ్గర దొరికే నల్లటి ఊక బొగ్గు ఒక గుప్పెడు కలిపితే మంచిదే. పూర్తిగా కాలి తెల్లబడిన బూడిద మాత్రం వెయ్యకండి.

కలిపాక పరీక్ష చెయ్యండి. ఖాళీ కుండీలో ఈ మిశ్రమం నింపి ఒక మగ్గు నీళ్ళు పొయ్యండి. పోస్తుండగానే కింద చిల్లులోంచి కారడం మొదలవ్వాలి. పైన నీళ్ళు నిలిచి, మీరు పది లెక్కపెట్టేదాకా కనిపిస్తే ఇంకో డబ్బా చిప్స్ కలపండి.

కుండీ మార్చడం

మట్టి కుండీ కొనండి. పక్కలనుంచి కూడా ఆవిరి పోతుంది, మన తేమలో అది చాలా సాయం. రంగు వేసిన మట్టి కుండీకి ఆ గుణం తగ్గిపోతుంది. మొక్క చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ ఉండే కొలత చాలు. పెద్ద కుండీలో పెడితే త్వరగా ఎదుగుతుందని చాలామంది అనుకుంటారు కానీ వేళ్ళు చేరని మట్టి తడిని పట్టి ఉంచుతుంది, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. చిల్లు మీద చిన్న నెట్ ముక్క వేసి, కింద నుంచి పై వరకు ఒకటే మిశ్రమం నింపండి. అడుగున గులకరాళ్ళ పొర వేయడం మనకు అలవాటు. దానివల్ల నీరు త్వరగా దిగదు. పైన ఉన్న మట్టిలోనే తడి ఆగిపోతుంది. ఆ రాళ్ళనే మట్టిలో కలిపితే ఉపయోగం.

మొక్కను పట్టుకోవడానికి చేతి తొడుగులకన్నా గోనెసంచి మేలు. గోగు, జనపనార పండిన జిల్లాలు మనవి, పాత గోనె లేని ఇల్లు తక్కువ. సంచిని మూడు మడతలు పెట్టి పట్టీలా చేసి, మొక్క నడుము చుట్టూ తిప్పి, రెండు చివరలూ ఒక చేత్తో బిగించి పట్టుకోండి. రెండో చేత్తో కుండీని పక్కకు వంచి లాగండి. ముళ్ళు గోనె నేతలో దిగి పట్టు ఇస్తాయి, విరగవు. కొబ్బరికాయ దాటిన సైజు మొక్కకైతే ఇద్దరు ఉండాలి.

తీసేముందు సుద్దముక్కతో కుండీ మీద దక్షిణం వైపు గుర్తు పెట్టుకోండి. మొక్క ఏ వైపు ఎండకు అలవాటు పడిందో కొత్త కుండీలోనూ అదే వైపు ఎండకు ఉండాలి. లేకపోతే ఇన్నాళ్ళూ నీడలో ఉన్న పక్క మాడుతుంది.

పాత మట్టిని చీపురు పుల్లతో నెమ్మదిగా దులపండి. నల్లగా, మెత్తగా ఉన్న వేళ్ళు కత్తిరించండి. ఇప్పుడు ఓపిక కావాలి. మొక్కను వెంటనే నాటకండి. నీడలో, గాలి తగిలేచోట నాలుగైదు రోజులు అలాగే ఉంచండి. తెగిన చోట పొక్కు కట్టాలి. నాటాక ఇంకో వారం చుక్క నీళ్ళు పోయకండి. వేళ్ళు పైకి తేలిన మొక్కను అన్నాళ్ళు వదిలేస్తే ఏమవుతుందోనని టెన్షన్ పడతారు. ఏమీ కాదు, ఒంట్లో నిండా నీళ్ళున్న మొక్క అది. నాటేటప్పుడు పాత మట్టి గీత ఎక్కడుందో అక్కడిదాకానే నాటండి. పచ్చటి భాగం మట్టిలో దిగితే మొదలు కుళ్ళుతుంది. పైన ఒక వేలు మందం చిప్స్ పరవండి.

ఇది మాఘం నుంచి చైత్రం లోపు చేసుకునే పని. రెండు మూడేళ్ళకు ఒకసారి చాలు.

ఎండ అలవాటు చేయడం

నర్సరీలో పచ్చ నెట్ కింద పెరిగిన మొక్కను తెచ్చి నేరుగా డాబా మీద పెడితే వారంలో ఒక పక్క తెల్లబారి, తర్వాత గోధుమ రంగు మచ్చ కడుతుంది. ఆ మచ్చ ఇక పోదు. మొదటి వారం ఉదయం తొమ్మిది దాకా, రెండో వారం పదకొండు దాకా, మూడో వారం నుంచి రోజంతా పెట్టండి. మొదటి ఏడాది ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం పూట షేడ్ నెట్ గానీ పాత నూలు చీర గానీ కట్టండి. కొబ్బరికాయంత అయ్యాక ఆ సాయం అక్కర్లేదు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేకపోతే మొక్క బంతిలా కాకుండా కోలగా సాగుతుంది.

ఏ రోజుల్లో ఎన్ని నీళ్ళు

"వారానికి ఒకసారి" అనే లెక్క మన దగ్గర పనికిరాదు. నేను పండుగలనూ కార్తెలనూ పట్టుకుని పోస్తాను. అదైతే మర్చిపోవడం ఉండదు.

అరసవల్లి రథసప్తమి నాడు చలికాలం తర్వాత మొదటి నీళ్ళు, అర మగ్గు. ఎండ ముదిరి మొక్క మేల్కొనే రోజులు అవి. అప్పటినుంచి ఉగాది దాకా పది పన్నెండు రోజులకు ఒకసారి, ఉగాది తర్వాత ఎండలు పెరిగితే వారానికి ఒకసారి. పోస్తే చిల్లులోంచి కారేదాకా పొయ్యాలి, ఆ తర్వాత అడుగు దాకా ఆరాలి. ఆరిందో లేదో తెలియడానికి చీపురు పుల్లను కుండీ అంచు పక్కగా అడుగు దాకా గుచ్చి, ఐదు నిమిషాలాగి తీయండి. పుల్ల చల్లగా ఉన్నా, మట్టి అంటుకున్నా ఇంకో మూడు రోజులు ఆగండి. వేసవిలో సాయంత్రం పొయ్యండి. మధ్యాహ్నం కాలిన కుండీలో పోస్తే వేళ్ళు ఉడుకుతాయి. ఎప్పుడైనా మట్టి మీదే పొయ్యాలి, నడినెత్తి నూగులో నీళ్ళు నిలవకూడదు. రోహిణి కార్తెలో ఎదుగుదల మందగిస్తుంది, అప్పుడు నీళ్ళు కొంచెం తగ్గించండి.

తీరం పక్క ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే మట్టి పైన, కుండీ పక్కన తెల్లటి పొర కడుతుంది. వాళ్ళు వాననీళ్ళు డ్రమ్ములో పట్టి పెట్టుకుని పోయడం మంచిది.

మృగశిర రాగానే మొక్క కప్పు కిందికి వెళ్ళాలి. అక్కడినుంచి దసరా దాకా నేను పోసేది మహా అయితే పదిహేను ఇరవై రోజులకు ఒకసారి. అదీ పుల్ల పూర్తిగా పొడిగా వచ్చి, ఆకాశం తెరిపిచ్చి ఉంటేనే, ఉదయం పూట. విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం అయ్యే రోజుల నుంచి తుఫాన్ల భయం కాబట్టి అసలు పోయను. నెలగంట పెట్టాక రథసప్తమి దాకా నెలకు ఒక గ్లాసు, అంతే. ఈ చలికాలపు ఎండిక వల్ల గట్లు కొంచెం ముడుచుకుని చాళ్ళు లోతవుతాయి. భయపడకండి. గట్లు తడి ఉన్నప్పుడు ఉబ్బి, లేనప్పుడు ముడుచుకునేలా ఉండటమే వాటి పని.

వానాకాలం, తుఫాను

కప్పు అంటే గది కాదు. పైన వాన ఆగాలి, పక్కల గాలి ఆడాలి, వెలుతురు రావాలి. మా డాబా మీద పిట్టగోడకు ఆనించి ఇనుప యాంగిళ్ళతో నాలుగు కాళ్ళ చట్రం వేసి, పైన పారదర్శకమైన పాలికార్బొనేట్ షీటు ఏటవాలుగా బిగించాను. అంత ఖర్చు వద్దనుకుంటే సన్‌షేడ్ కింద, తూర్పు లేదా దక్షిణం వైపు పెట్టినా సరిపోతుంది. చుట్టూ పాలిథిన్ కప్పి మూసేయడం మాత్రం వద్దు. లోపల ఆవిరి పట్టి, వానలో తడిసినదానికన్నా త్వరగా కుళ్ళుతుంది. కుండీలను నేల మీద కాకుండా రెండు ఇటుకల మీద పెట్టండి. కింద పళ్ళెం ఉంటే వానలూ తుఫాన్లూ ఆగేదాకా తీసేయండి.

నా పెద్ద మొక్క పోయింది పళ్ళెం వల్లే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఉద్దానంలో ఉన్న బంధువుల కబురు కోసం తిరగడంతోనే సరిపోయింది. డాబా మీదికి ఎవరు వెళ్ళారు? తొమ్మిదో రోజు వెళితే పళ్ళెం నిండా నీళ్ళు, అందులో మునిగిన కుండీ. మొక్క పైకి పచ్చగా, ముళ్ళు బంగారంలా అలాగే ఉన్నాయి. బతికిందనే అనుకున్నాను. గోనె పట్టీ వేసి ఎత్తగానే మొక్క ఒక్కటే పైకి వచ్చింది, వేళ్ళు మట్టిలోనే ఉండిపోయాయి. కింద నుంచి గోధుమ రంగు నీరు నా పాదాల మీద కారింది. కొబ్బరికాయంత మొక్క, ఆరేళ్ళు పెంచాను.

అందుకే తుఫాను హెచ్చరిక వినగానే ముందు షీటు విప్పి కింద పెట్టండి. ఎగిరిన షీటు మనుషుల ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత మొక్కల్ని ఇంట్లోకి తెచ్చేయండి. పది రోజులు చీకట్లో, నీళ్ళు లేకుండా ఉన్నా దానికేమీ కాదు. బయట పెట్టేటప్పుడు మళ్ళీ రెండు మూడు రోజులు నీడలో ఉంచి ఎండలోకి మార్చండి.

పొరపాటున తడిసిపోతే కుండీని పక్కకు వంచి నీళ్ళు వార్చి, గదిలో ఫ్యాన్ కింద పెట్టండి. నాలుగైదు రోజులకు కూడా పుల్ల తడిగానే వస్తే ఆలస్యం చేయకుండా మొక్కను మట్టిలోంచి తీసి, వేళ్ళు ఆరబెట్టి, పొడి మిశ్రమంలో నాటండి.

నేలలో నాటవచ్చా అని మా అప్ప విజయనగరం నుంచి ఫోన్ చేసి అడిగింది. వద్దనే చెప్పాను. తప్పదనుకునేవాళ్ళు రాళ్ళూ ఇటుక ముక్కలతో అడుగున్నర ఎత్తు దిబ్బ పోసి, మొక్కను కాస్త ఏటవాలుగా నాటితే నెత్తి మీద నీరు జారిపోతుంది. అయినా కప్పు లేకుండా మన వానల్లో నేను ధైర్యం చెప్పలేను.

కుళ్ళు, పురుగు

మచ్చ కనిపిస్తే ముందు పుల్లతో నొక్కండి. గట్టిగా ఉంటే ఎండదెబ్బ. పాత మొక్కకు మొదట్లో బెరడులా కట్టినా అది వయసు, జబ్బు కాదు. మెత్తగా ఉండి, వాసన వస్తే కుళ్ళు. పక్కన చిన్నగా ఉంటే కత్తిని స్పిరిట్‌తో తుడిచి, లేత ఆకుపచ్చ కండ శుభ్రంగా కనిపించేదాకా తొలిచి, గంధకం పొడి అద్ది, రెండు వారాలు నీళ్ళు ఆపండి. ప్రతి కోతకూ కత్తి తుడవాలి. కుళ్ళు మొదలు నుంచి నడిమికి ఎక్కితే బతికే ఆశ తక్కువ. ఆ మట్టిని ఇంకో మొక్కకు వాడకండి.

పిండినల్లి తక్కువగా ఉంటే ఇయర్ బడ్ స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కటీ తుడవండి, సాయంత్రం, నీడలో. చీమలు కుండీ ఎక్కుతుంటే అనుమానించండి, అవి పిండినల్లి కార్చే తీపి కోసం వస్తాయి. కుండీ మార్చేటప్పుడు వేళ్ళకు తెల్లపొడి అంటినట్టుంటే వేళ్ళ పిండినల్లి. వేళ్ళు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటండి. మందు కొట్టాల్సి వస్తే ఎరువుల షాపులో ఇమిడాక్లోప్రిడ్ దొరుకుతుంది, సీసా మీద రాసిన మోతాదు దాటవద్దు. వేపనూనె కొట్టాక మొక్కను ఎండలో ఉంచకండి, ఒళ్ళు కాలుతుంది.

ఎరువు, పువ్వు, విత్తనం

ఎరువుకు ఎక్కువ ఆలోచన వద్దు. ఫాల్గుణంలో ఒకసారి, వైశాఖంలో ఒకసారి, లీటరు నీళ్ళలో అర గ్రాము 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) కలిపి పోస్తే ఏడాదికి చాలు. యూరియా వద్దు, కండ మెత్తబడి కుళ్ళుకు లోకువవుతుంది.

పువ్వు కోసమే కొనేవాళ్ళు ఇది కొనకండి. మొక్క అడుగున్నర దాకా వెడల్పు అయ్యాకే నడినెత్తి నూగులో చిన్న పసుపు పూలు వస్తాయి, అందుకు పదిహేను ఇరవై ఏళ్ళు పడుతుంది. దీని అందమంతా ముళ్ళలోనే ఉంది. శీతాకాలం ఉదయం ఏటవాలు ఎండ పడినప్పుడు ఒక్కో ముల్లూ వెలుగుతుంది.

పిల్లలు సాధారణంగా పెట్టదు, కొమ్మ విరిచి నాటడానికి కొమ్మలుండవు. పెంచుకోవాలంటే విత్తనమే. ఉగాది తర్వాత, జల్లించిన ఇసుక ఎక్కువగా ఉన్న మిశ్రమాన్ని వేడినీళ్ళతో తడిపి చల్లార్చి, ఆవగింజకన్నా చిన్న నల్లటి విత్తనాలు పైన చల్లండి, కప్పకండి. పైన పారదర్శకమైన మూత పెట్టి నీడ వెలుతురులో ఉంచితే మూడు వారాల్లోపు పచ్చటి చుక్కల్లా మొలకలు వస్తాయి. ముళ్ళు కనిపించాక మూత కొంచెం కొంచెంగా తెరుస్తూ గాలి అలవాటు చెయ్యండి. మొదటి వానాకాలం అంతా ఇంట్లో కిటికీ దగ్గరే ఉంచండి. మూడో ఏటికి ఉసిరికాయంత అవుతాయి. అప్పుడు ఒక్కోదాన్ని వేరే కుండీలోకి మార్చి, ఆ వారం నీళ్ళు పోయకండి.